లక్ష్మాగౌడ్ ఊరు, మా అమ్మ ప్రశ్న

మాది జగ్గయ్యపేట. ఊరి పక్కనే ధనంబోడు. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడి బౌద్ధస్తూపాన్ని పరిశీలించాక, సున్నపురాతి శిల్పఫలకాలు లోకానికి తెలిశాయి. వాటిలో పేరుపొందినది ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. చక్రవర్తి చేయెత్తితే మేఘాల నుంచి నాణేలు రాలుతుంటాయి. చుట్టూ ఆయన ఏడు రత్నాలు. ఏనుగు, గుర్రం, మణి వగైరాలతో పాటు స్త్రీ కూడా ఒక రత్నమే! రాజు ఆస్తిలో ఒక పద్దు.

మన కాలంలో పల్లెను లోహం మీద గీసిన తెలుగు చిత్రకారుడి దగ్గర ఈ లెక్క ఏమైనా మారిందా? ఆ ప్రశ్నతోనే నేను లక్ష్మాగౌడ్ ముద్రణచిత్రాల దగ్గరికి వెళ్ళాను.

ఆయన 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాదులో చిత్రకళ చదివి, 1963లో బరోడా వెళ్ళి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. ఎచింగ్ అక్కడే చేతికొచ్చింది. లోహపు రేకుకు మైనంలాంటి పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచుతారు. గీసిన చోటే ఆమ్లం తింటుంది. ఆ గాళ్ళలో సిరా నింపి, పైపైన తుడిచి, తడికాగితం పరిచి ప్రెస్సులో నొక్కితే బొమ్మ కుడిఎడమలు తారుమారై వస్తుంది. ఒకే రేకు నుంచి ఎన్నో ప్రతులు.

తిరిగొచ్చాక ఆయన గీసింది తన ఊరినే. ఆయన తొలినాళ్ళ నలుపుతెలుపు ఎచింగుల్లో చెట్లు, మేకలు, ఆడా మగా ఒకరిలోంచి ఒకరు మొలిచినట్టుంటారు. పల్లెలో కామానికి లేని దాపరికాన్ని పట్నపు మర్యాద ముందు పెట్టారాయన. అందులోని స్త్రీ తలదించుకోదు. ఆమెకూ కోరిక ఉంది. రాజుగారి రత్నం కంటే ఇది పెద్ద అడుగేనని ఒప్పుకోవాలి.

అయితే ఇంకో సంగతీ మర్చిపోలేను. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం నాటికి మన కవయిత్రులు తమ శరీరం గురించి తామే రాస్తున్నారు. వాళ్ళకు దక్కింది 'నీలికవిత్వం' అన్న నింద. లక్ష్మాగౌడ్ హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు, 2016లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన గౌరవం ఆయన పనికి దక్కిందే, దానిమీద నాకు పేచీ లేదు. నా పేచీ ఆ రెండు కొలతల మీద.

నందిగామ వైపు మెట్టచేలలో మిరపకాయలు కోసి కోసి చేతులు మండిన మనిషి మా అమ్మ. ఒకసారి ఆమెకు పుస్తకంలో ఆ బొమ్మలు చూపించాను, కాస్త బెరుగ్గానే. ఆమె ఏమీ సిగ్గుపడలేదు. చాలాసేపు చూసి అంది:

"మేకలు అచ్చం మనోళ్ళ మేకల్లానే ఉన్నాయే. మరి వీటికి మండలు కొట్టుకొచ్చి వేసేదెవరే?"

నాకు జవాబు తట్టలేదు. కోరిక ఉన్న శరీరాన్ని ఆ గీత చూసింది. అదే శరీరం పొద్దస్తమానం చేసే చాకిరీ, నేను చూసిన బొమ్మల్లో అంతగా కనబడలేదు. నేలలో భాగమైపోయిన స్త్రీ అందంగానే ఉంటుంది. ఆ నేల మీద పనిచేసే స్త్రీని గీయాలంటే సూది ఎవరి చేతిలో ఉండాలి?

అమ్మ ప్రశ్నను ఇక్కడ మీ ముందు పెడుతున్నాను.