పాత సూపర్‌హీరో కామిక్స్ సేకరణ

అమెరికాలో 1938లో 10 సెంట్లకు అమ్మిన ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచిక ప్రతి ఒకటి 2024 వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించింది అందులోనే. ఈ ధరకు పాతదనమే కారణమనుకుంటారు గానీ, అసలు కారణం నాడు దాన్ని దాచుకున్నవారు బహు కొద్దిమంది కావడం. పిల్లలు చదివి పారేశారు; రెండో ప్రపంచ యుద్ధకాలంలో పాత కాగితాల సేకరణకు కట్టలు కట్టలుగా ఇచ్చేశారు. మిగిలినవాటిలోనూ చవకరకం న్యూస్‌ప్రింట్ దానిలోని ఆమ్లం వల్ల పసుపెక్కి, అంచులు పెళుసుబారి, పిన్నుల చుట్టూ తుప్పు మరక పాకుతుంది. అందుకే 2000లో మొదలైన సీజీసీ సంస్థ ప్రతిని పరీక్షించి, 10కి ఇన్ని అని మార్కులేసి, ప్లాస్టిక్ పెట్టెలో బిగిస్తుంది. మేలిరకం ప్రతుల్లో అర మార్కు తేడా వచ్చినా ధర ఎక్కడికో పోతుంది.

అరుదైతే చాలా అన్న ఆక్షేపణ సబబే. జనం మరచిన హీరోల సంచికలు ఎంత అరుదైనా అడిగేవారు తక్కువ. గిరాకీ ఉండాల్సిందే; అయితే అదొక్కటే చాలదనడానికి 1992లో వచ్చిన సూపర్‌మ్యాన్ మరణ సంచికే సాక్ష్యం. రేపటి లాభం కోసం ఎంతోమంది దాని నల్ల కవరు కూడా విప్పకుండా దాచారు. లక్షల ప్రతులు కొత్తవాటిలాగే మిగిలాయి కనుక ఇవాళ చవగ్గానే దొరుకుతుంది. పెట్టెలో బిగించాక పుస్తకం చదవడానికి పనికిరాదన్న విమర్శకు మాత్రం సేకర్తల దగ్గర గట్టి జవాబు లేదు. కథలు పునర్ముద్రణల్లో దొరుకుతున్నాయిగా అంటారు, అదీ నిజమే.