పారాణి రంగు

చెప్పులు వరండాలో విడిచి లోపలికి రండి. బెంచీలు గోడవారకు జరిపేశాం, కిందే కూర్చోవాలి. పరిచిన పాత దినపత్రికల చుట్టూ మూడో తరగతి పిల్లలు గుంపులు గుంపులుగా బాసింపట్లు వేసుకుని ఉన్నారు. కిటికీలోంచి మధ్యాహ్న భోజనం పప్పు ఉడుకుతున్న వాసన వస్తోంది. భోజనం గంట కొట్టేదాకా ఈ గది మనది.

నేను జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్‌లో డి.ఎల్.ఎడ్. రెండో సంవత్సరం ఛాత్రోపాధ్యాయినిని. ఇంటర్న్‌షిప్‌కు ఈ మండల పరిషత్ బడికి వచ్చాను. ప్రాథమిక బడిలో డ్రాయింగు మాస్టారంటూ విడిగా ఉండరు. ఎక్కాలు చెప్పేవాళ్ళే బొమ్మలూ వేయించాలి. టైంటేబుల్‌లో లెక్కలకు చోటు దొరక్కపోతే ముందు పోయేది ఈ పీరియడే. అందుకే దీన్ని ఎవరికీ వదులుకోను.

బల్ల మీద ఏమున్నాయో చూడండి. కూరకు పనికిరాని ముదురు బెండకాయలు. పసుపు. గడపలకు పూసే జాజు. పొయ్యిలోంచి ఏరిన బొగ్గు. ఆవరణలో రాలిన మందారాలు, రెండు నిమ్మచెక్కలు. బట్టల సబ్బు నానేసిన నీళ్ళు ఒక గ్లాసుడు. ఆ గిన్నెలో చిక్కగా ఉన్నది చింతగింజల జిగురు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో పటాలు వేసేవాళ్ళు బట్టకు సుద్దమట్టితో పాటు పట్టించేది దీన్నే. రంగు కాగితాన్ని పట్టుకోవాలంటే మనకూ ఇదే చాలు.

నల్లబల్ల మాత్రం ఖాళీగా ఉంది. అలాగే ఉంచుతాను. నేనక్కడ ఒక బొమ్మ వేశానంటే గదినిండా అదే బొమ్మ పుడుతుంది. రెండు కొండలు, నడుమ సగం సూర్యుడు, గుడిసె, పక్కన వంగిన కొబ్బరిచెట్టు. మనందరం చిన్నప్పుడు వేసిందే. ఈ బడి కిటికీలోంచి చూస్తే కొండే లేదు. వరిచేలు, సెల్ టవరు, మేకల పాక కనిపిస్తాయి.

కత్తి నా చేతిలోనే ఉంటుంది. బెండకాయను తొడిమ వైపు అడ్డంగా కోసి తలా ఒక ముక్క ఇస్తాను. "రంగు తర్వాత. ముందు లోపల ఏముందో చూడండి."

మాటలు ఆగిపోతాయి. ముక్కలు కళ్ళ దగ్గరికి వెళ్తాయి.

"గదులున్నాయి టీచర్! ఐదు!"

"నా దాంట్లో ఏడు!"

ఎవరిది తప్పు అని గొడవ మొదలవుతుంది. నేను మధ్యలోకి వెళ్ళను. ముక్కలు పక్కపక్కన పెట్టి, వేలితో తడిమి వాళ్ళే లెక్కపెట్టుకుంటారు. ఐదున్నవే ఎక్కువ, ఏడున్నదీ నిజమే. చూపు కుదిరాక గీత దానంతటదే వస్తుంది. నాకు తెలిసినంతలో కళ పీరియడ్ ఉన్నది ఇందుకే.

పళ్ళెంలో తడిగుడ్డ మడతపెట్టి, జిగురులో కలిపిన జాజు దాని మీద పోశాను. బెండ ముక్కను గుడ్డ మీద అద్ది, కాగితం మీద నొక్కి, తిన్నగా పైకి తీయాలి. రాస్తే అలుక్కుపోతుంది. వెనక గుంపులో ఒకడు మాట్లాడకుండా అంచు పొడుగునా పువ్వులు వేసుకుంటూ పోతున్నాడు. వాడి పక్కనున్న పిల్ల బొగ్గుతో చుక్కలు పెట్టి, చుక్కకో ముద్ర వేస్తోంది. వాళ్ళమ్మ వాకిట్లో పెట్టే ముగ్గు దాని వేళ్ళలో ఉంది.

ఇప్పుడు ఇటు వంగి చూడండి. పసుపునీళ్ళు పూసి ఆరబెట్టిన కాగితాలివి. పుల్లకు దూది చుట్టి సబ్బునీళ్ళలో ముంచి గీయమన్నాను. పుల్ల తగిలినచోటల్లా పసుపు ఎర్రబడుతోంది.

"పారాణి!" ఎర్ర రిబ్బన్ల పిల్ల లేచి నిలబడింది. "మా అక్క పెళ్ళిలో కాళ్ళకు ఇదే పెట్టారు టీచర్!"

"అందులో సబ్బు వేశారా మరి?"

"కాదు, మా నాయనమ్మ సున్నం కలిపింది."

సున్నం చేతులకు మంచిది కాదని నేను సబ్బు తెచ్చాను. పసుపును ఎర్రబరిచే క్షారగుణం రెండింట్లోనూ ఉంది. ఆ పేరు వీళ్ళకు పై తరగతుల్లో వస్తుంది. అప్పటికి ఈ ఎరుపు గుర్తుంటే చాలు. మందార రేకు కాగితానికి రుద్దితే ఊదా మరక, దాని మీద నిమ్మరసం పడితే గులాబీ. నిమ్మచెక్కల కోసం అప్పుడే వరస కట్టారు.

కిటికీ కింద కూర్చున్న వాడి బొమ్మ దగ్గర కాసేపు ఆగండి. ఇల్లు గీశాడు. గోడ ఉంది, గోడ లోపలి మంచమూ కనిపిస్తోంది. మంచం మీద నాయనమ్మ తల కప్పును తాకుతోంది. తప్పంటారా? ఈ వయసు పిల్లలు కంటికి కనిపించిందే కాదు, తమకు తెలిసినదంతా గీస్తారని కళా విద్యావేత్త విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లోనే రాశాడు. మనసుకు దగ్గరైనవాళ్ళు కాగితం మీద పెద్దగా ఉంటారు. శాంతినికేతన్‌లో చదివి, సేవాగ్రామ్‌లో నయీ తాలీం బడి పిల్లల మధ్య ఏళ్ళు గడిపిన దేవీ ప్రసాద్ చదువుకు కళే పునాది అన్నాడు. నాయనమ్మను చిన్నది చేయమని వీడికి చెప్పే హక్కు నాకు లేదు. అడగడానికి మాత్రం ఉంది.

"ఎవరు నాన్నా ఈవిడ?"

"మా నానమ్మ. అమ్మా నాన్నా పనికెళ్ళారు. రాత్రిళ్ళు నానమ్మే ఉంటది."

ఆ మాటలే, వాడన్నట్టే, బొమ్మ కింద పెన్సిలుతో రాశాను. వాడు వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నాడు. వాచకం తీస్తే తల దించుకునే పిల్లవాడు. ఇవాళ్టి తెలుగు పాఠం వీడికి అయిపోయింది.

కాగితాలు పిల్లల కళ్ళ ఎత్తులో తాడుకు తగిలిస్తున్నాం. బాగా వచ్చినవీ రానివీ అని వేరు చేయలేదు, అన్నీ ఎక్కుతాయి. హెచ్.ఎం. గారు చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కోటీ చదువుకుంటూ వచ్చారు. నాయనమ్మ దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారు.

"రేపు రెండో తరగతికీ పెట్టమ్మా," అన్నారు. "బెండకాయలు మా పెరట్లోవి తెస్తాను."