విడిచినా మాయని బట్ట: మడి, మైల, మాపుల నడుమ ఒక వస్త్రస్థితి చరిత్ర

ప్రవేశిక

ఒక పూట కట్టి విడిచిన బట్ట ఉతికి మడత పెట్టిన బట్టలలో చేరదు. చాకలికి వేసే మూటలోనూ చేరదు. అది ఉతికినదీ కాదు, మాసినదీ కాదు. ఈ నడిమి స్థితిలో ఉన్న బట్టను ఎక్కడ పెట్టాలనే ప్రశ్న ప్రతి ఇంటికీ ప్రతిరోజూ ఎదురయ్యేదే. వస్త్రచరిత్రను చెప్పేటప్పుడు నేత, అద్దకం, వర్తకం సహజంగానే ముందుకు వస్తాయి. కొన్న బట్ట ఇంట్లో అడుగుపెట్టిన తరువాత దానికి జరిగేది సాధారణంగా చరిత్ర పరిధిలోకి రాదు. అయితే తెలుగు ఇల్లు విడిచిన బట్టకు చూపిన చోటును పరిశీలిస్తే, ఆ చోటును నిర్ణయించినది బట్టకు పట్టిన మాపు ఒక్కటే కాదని తెలుస్తుంది. దానిని ఎవరు తాకారన్నది అంతకంటె బలమైన సూత్రంగా పనిచేసింది. ఆ సూత్రం కింద మరుగుపడినది బట్టను శుభ్రం చేసిన చేతుల శ్రమ. పదాలు, వస్తువులు, ధర్మశాస్త్ర నియమాలు, సాహిత్యం ఆధారంగా ఈ విషయాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదాలలోని వర్గీకరణ

తెలుగులో బట్ట స్థితిని చెప్పే మాటలు ఒకే కొలబద్ద మీద లేవు. ‘మాయు’ అనే క్రియ నుంచి వచ్చిన ‘మాసిన’, ‘మాపు’ అనే మాటలు కంటికి కనిపించే మురికిని చెబుతాయి. ‘మైల’ అనే మాట మురికికీ, జనన మరణాల వల్ల కలిగే అశౌచానికీ సమానంగా వర్తిస్తుంది. ‘మడి’ అనేది శుచికి పేరు. ఈ మూడింటికీ భిన్నమైనది ‘విడిచిన బట్ట’ అనే వ్యవహారం. ఇది బట్ట గుణాన్ని చెప్పదు. ఒంటి మీద నుంచి తీసిన చర్యను మాత్రమే చెబుతుంది. విడిచిన బట్ట మాసి ఉండవచ్చు, మాయకనూ ఉండవచ్చు. భాష ఆ తీర్పును వాయిదా వేసింది.

ఈ మాటలను జతలుగా చూస్తే ఒక అసమానత బయటపడుతుంది. మాసిన దానికి ఉతికినది ప్రతిపదం. మైలకు మడి ప్రతిపదం. ఉతికినదంతా మడి కాదు. ఉతకనిదంతా మైల కాదు. మడి పాటించిన కుటుంబాలలో చాకిరేవు నుంచి తెల్లగా వచ్చిన పంచె నేరుగా మడికి పనికిరాదు. ఇంటివారు దానిని మళ్ళీ నీళ్ళలో ముంచి ఆరవేసుకోవాలి. అదే ఇంట్లో ఎన్నోసార్లు కట్టి విడిచిన పట్టుబట్ట ఉతకకుండానే మడికి పనికివస్తుంది. ఈ రెండు ఆచారాలు పక్కపక్కన ఉన్నప్పుడు, శుభ్రతను బట్టి శుచిని వివరించడం సాధ్యం కాదు.

దండెం, చిలకకొయ్య, మూట

ఈ వర్గీకరణకు ఇంట్లో మూడు స్థానాలు ఏర్పడ్డాయి. మొదటిది దండెం. దూలాలకు తాళ్ళతో వేలాడదీసిన వెదురుగడ దాని సాధారణ రూపం. మడి బట్టల దండెం చేతికి అందనంత ఎత్తున ఉండేది. తడిపిన బట్టను కర్రతో దాని మీదికి చేర్చి, స్నానం చేసిన తరువాత కర్రతోనే దించుకునేవారు. ఎత్తు ఇక్కడ కేవలం గాలి తగలడానికి కాదు. పిల్లల చేతులూ, స్నానం చేయని పెద్దల చేతులూ తగలకుండా ఉండటానికి.

రెండవది చిలకకొయ్య. గోడలో దిగగొట్టిన ఈ కొయ్యకు చెక్కడంలోని చిలక రూపాన్ని బట్టి ఆ పేరు వచ్చింది. సంస్కృతంలో ఇటువంటి గోడకొయ్యను నాగదంతం అన్నారు. వాత్స్యాయనుడి కామసూత్రాలలో నాగరికుని గదిలో వీణ వేలాడేది దానికే. తెలుగు ఇళ్ళలో బయటికి వెళ్ళి వచ్చిన మనిషి విడిచిన కండువా, తలపాగా, చొక్కా, కోటు చిలకకొయ్యకు చేరేవి. చోటు పరంగా ఇది ముఖ్యమైన విషయం. మడి దండెం ఇంటి లోపలి భాగానికి చెందితే, చిలకకొయ్య ఎక్కువగా వసారాకూ, ముందుగదికీ చెందినది. వీధిని తాకి వచ్చిన బట్ట వంటింటి దాకా రాకుండా అక్కడే ఆగేది. మాయలేదు కనుక మూటలో పడలేదు. నలుగురి మధ్య తిరిగింది కనుక దండెం ఎక్కలేదు.

కుట్టుబట్టల వాడుక ఈ రెండవ స్థానాన్ని మరింత బలపరిచింది. పంచె, చీర వంటి కుట్టని నూలు బట్టను స్నానంతో పాటే రోజూ తడిపి పిండి ఆరవేయవచ్చు. కుట్టుబట్ట మడికి పనికిరాదన్నది ఆచారం. ఆంగ్లపాలన కాలంలో కచేరీ ఉద్యోగికి అవసరమైన కోటు రోజూ ఉతికేది కాదు. కాబట్టి అది దాదాపు ఎల్లప్పుడూ ధరించినా మాయని స్థితిలోనే ఉండేది. అంతవరకు అప్పుడప్పుడు ఎదురైన నడిమి స్థితికి కోటుతో నిత్యత్వం వచ్చింది.

మూడవది మూట. మాసిన బట్టలు చాకలికి వెళ్ళేవి. ఏ ఇంటి బట్ట ఏదో గుర్తించడానికి జీడిగింజ రసంతో వేసే చెరగని నల్లగుర్తు, వేసిన బట్టలను లెక్కించే చాకలి పద్దు ఈ దశకు చెందినవి. జీడిగుర్తు బట్ట మీద శాశ్వతంగా ఉండేది. అంటే ఇంటికి తిరిగి వచ్చి పెట్టెలో ఒదిగిన ప్రతి బట్ట మీదా ఉతికిన మనిషి చేతి ఆనవాలు ఉండేది.

ఈ మూడు స్థానాలూ ఉన్న ఇళ్ళు అన్నీ కావన్నది మరువరాదు. మారుబట్ట లేనివారికి విడిచిన బట్ట అనే స్థితే లేదు. ఉన్న ఒక్క చీరనూ ఒక కొస తడిపి, రెండవ కొస చుట్టుకొని ఆరబెట్టుకునే మనిషికి దండెమూ చిలకకొయ్యా అక్కరకు రావు. ‘కట్టుబట్టలతో’ అనే తెలుగు పలుకుబడి నిరుపేదతనానికి పర్యాయం కావడంలో ఈ అనుభవం ఉంది. బట్టను పూటకొక చోట వర్గీకరించడం మిగులు ఉన్నవారి వ్యవస్థ.

పట్టుకు ఒక న్యాయం, నూలుకు ఒక న్యాయం

పట్టుబట్టకు దొరికిన మినహాయింపుకు భౌతిక కారణం కూడా ఉంది. నూలు వృక్షసంబంధమైన పోగు. అది క్షారాన్నీ, మరగడాన్నీ, బండమీద బాదడాన్నీ తట్టుకుంటుంది. చాకిరేవులో చౌడు, బాన, బండ నూలుబట్టకు సరిపోయిన సాధనాలు. పట్టు, ఉన్ని జంతుసంబంధమైన పోగులు. క్షారం ఎక్కువైతే అవి దెబ్బతింటాయి, మెరుపు కోల్పోతాయి. మనుస్మృతి అయిదవ అధ్యాయం కూడా వస్త్రశుద్ధిని పోగును బట్టి వేరుచేసి చెప్పింది. పట్టుకూ ఉన్నికీ చౌటినేల మన్నును, కొన్నిరకాల కంబళ్ళకు కుంకుళ్ళను విధించింది. అంటే శాస్త్రం పట్టుకు శుద్ధి అక్కర లేదనలేదు. వేరే శుద్ధిని చెప్పింది.

ఆచారం ఇంకొక అడుగు ముందుకు వేసి, ఉతకకపోయినా పట్టు మైలపడదన్నది. ఉతికితే పాడయ్యే విలువైన వస్త్రాన్ని కాపాడుకోవలసిన అవసరం శుచినియమంగా మారిందని దీనిని అర్థం చేసుకోవచ్చు. ఫలితం మాత్రం స్పష్టం. పట్టు కొనగలిగిన ఇంటికి ధరించినా మడి తప్పని బట్ట దొరికింది. నూలు తప్ప వేరొకటి లేని ఇంటికి ప్రతిరోజూ తడిబట్ట తప్పలేదు. పూజకైనా వంటకైనా తెల్లవారుజామున తడిబట్టతో నిలిచిన స్త్రీలు ఈ తేడా భారాన్ని ఎక్కువగా మోశారు.

ధరించి ఇచ్చినది

ఒకరు ధరించిన వస్తువు మరొకరికి తగునా అన్నది ఈ సమస్యకు రెండవ ముఖం. మనుస్మృతి నాలుగవ అధ్యాయం ఇతరులు వాడిన చెప్పులు, వస్త్రం, యజ్ఞోపవీతం, ఆభరణం, పూలమాల, కమండలం ధరించరాదన్నది. ఈ జాబితాలో వస్త్రమూ మాలా రెండూ ఉండటం గమనించదగినది. తెలుగు సాహిత్యంలో ఒక మహాకావ్యం పేరే ఈ నిషేధానికి ఎదురు నిలుస్తుంది. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద అన్న పేరుకు ధరించిన మాలను సమర్పించినది అని అర్థం. స్వామికి అల్లిన మాలను గోదాదేవి ముందుగా తాను ముడుచుకున్నది. నియమం ప్రకారం అది పనికిరాని మాల. స్వామి కోరినది దానినే.

దిశను తిప్పి చూస్తే వైష్ణవాలయాలలోని శేషవస్త్రం కనిపిస్తుంది. దేవునికి కట్టి తీసిన వస్త్రాన్ని భక్తునికి కప్పడం గొప్ప గౌరవం. ఇక్కడ విడిచిన బట్ట మైల కాదు, ప్రసాదం. యజమాని విడిచిన బట్టను పనివారికి ఇచ్చే వాడుకలో అది గౌరవమూ కాదు, ప్రసాదమూ కాదు. జీతంలో ఒక భాగం, తక్కువతనానికి ఒక గుర్తు. మూడు సందర్భాలలోనూ బట్ట స్థితి ఒకటే. ధరించిన దేహానికీ అందుకున్న దేహానికీ మధ్య ఉన్న దూరాన్ని బట్టి దాని అర్థం మారింది. విడిచిన బట్టకు స్వతస్సిద్ధమైన విలువ లేదన్న సంగతి ఇంతకంటె స్పష్టంగా తెలియదు.

మడేలు చేతి మడి

ఈ నేపథ్యంలో మడి అనే మాట చరిత్ర కీలకమవుతుంది. ప్రాచీన కావ్యభాషలో ‘మడుగు’ అన్న మాటకు ఉతికిన వలువ అనే అర్థం ఉంది. కన్నడంలో మడి అంటే ఉతికిన బట్ట. మడివాళుడు అంటే బట్టలు ఉతికేవాడు. తెలుగులో చాకలికి మడేలు, మడివేలు అన్న పేర్లు ఈ కుటుంబానికి చెందినవే. మడచు, మడత అన్న మాటలతో దీనికి రూపసామ్యం కూడా ఉంది. వ్యుత్పత్తిని ఎలా నిర్ణయించినా ఒక విషయం నిలుస్తుంది. మాట ప్రకారం మడిని చేసేవాడు మడేలు. అయితే వాడుకలో మడేలు చేతి నుంచి వచ్చిన బట్ట మడి కాదు. శుచికి పేరు ఏ వృత్తితో ముడిపడి ఉన్నదో ఆ వృత్తివారి స్పర్శనే శుచి నుంచి వెలివేయడం ఈ చరిత్రలోని ప్రధాన వైరుధ్యం.

పదమూడవ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో చెప్పిన మడివాలు మాచయ్య కథ ఈ వైరుధ్యాన్ని తలకిందులు చేస్తుంది. పన్నెండవ శతాబ్దిలో బసవేశ్వరుని సమకాలికుడైన మాచయ్య శివభక్తుల బట్టలు మాత్రమే ఉతుకుతాడు. ఉతికిన బట్టల మూటను భక్తులు కానివారు తాకకుండా ఆయుధం పట్టి కాపాడుకుంటాడు. అడ్డువచ్చిన బిజ్జలుని ఏనుగును సంహరిస్తాడు. తాకరాదన్న నియమం ఇక్కడా ఉంది. కాని దానిని విధించే అధికారం ఉతికినవానిది. తన చేతితో శుభ్రమైన బట్టకు హద్దు గీసేది తానే. తెలంగాణలో పటం చూపుతూ చెప్పే మడేలు పురాణం చాకలివారి పుట్టుకను దైవకార్యంతో ముడిపెడుతుంది. ఈ కులపురాణాన్ని కేవలం వినోదకథగా కాక, ఆచారం చెరిపివేసిన శ్రమకు గౌరవస్థానం కోరిన వాదంగా చదవవలసి ఉంది.

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం కూడా పరోక్షంగా ఇదే చెబుతుంది. రజకుడు నున్నని బూరుగుపలక మీద మెల్లగా ఉతకాలని, ఒకరి బట్టలను మరొకరి బట్టలతో కలపరాదని, ఇతరులకు కట్టుకోవడానికి ఇవ్వరాదని అది నియమించింది. ఇంటిలోపల మడికట్టు ఎంత కఠినమైనా, ఇల్లు దాటిన మూట మరొకరి నమ్మకం మీద ఆధారపడి ఉండేది. శుచి వ్యవస్థకు తెలియకనే చాకిరేవు దానికి పునాది. నిజాం రాజ్యంలోని తెలంగాణలో ఆ పునాదికి వెట్టి కూడా తోడైంది. దొరల ఇళ్ళ బట్టలు కూలి లేకుండా ఉతకడం అందులో ఒక భాగం.

అలమార వచ్చిన తరువాత

పోర్చుగీసు భాష నుంచి వచ్చిన అలమార, ఆ తరువాతి ఉక్కు బీరువా బట్టల చోటును మార్చాయి. దండెం అందరికీ కనిపించేది. ఎవరి బట్ట ఏ స్థితిలో ఉన్నదో చూడగానే తెలిసేది. తలుపులున్న బీరువా ఒకే స్థితిని అంగీకరిస్తుంది. అందులో ఉన్నదంతా ఉతికినదని భావన. చెమట తగిలిన బట్టను మూసిన చోట ఉంచితే వాసన పడుతుంది, బూజు పడుతుంది. కనుక విడిచినా మాయని బట్టకు బీరువాలో ప్రవేశం లేదు. దూలాలు లేని కప్పుల కింద దండెమూ నిలువలేదు, సిమెంటు గోడలలో చిలకకొయ్యకూ చోటు దొరకలేదు. తలుపు వెనుక కొక్కెం, కుర్చీ వీపు, మంచం కోడు దాని ఆశ్రయాలయ్యాయి.

స్థానంతో పాటు కొలమానమూ మారింది. ఎవరు తాకారన్న ప్రశ్న వెనుకకు వెళ్ళి, ఇస్త్రీ మడత నలిగిందా లేదా అన్న ప్రశ్న ముందుకు వచ్చింది. మడత చెదరని చొక్కా మరొకసారి వేసుకోదగినది. మడిలో వినిపించే మడత ఈ విధంగా కొత్త రూపంలో తిరిగి వచ్చింది. ఆ మడతను నిలబెట్టేది తరచు వీధి మలుపులోని ఇస్త్రీబండి. కొలమానం మారినా, దాని వెనుక ఉన్న శ్రమ పేరు లేకుండానే మిగిలింది.

ఉపసంహారం

ధరించినా మాయని బట్టకు తెలుగు ఇల్లు చూపిన చోట్లు కేవలం సౌకర్యం వల్ల ఏర్పడినవి కావు. దండెం స్పర్శను నియంత్రించింది. చిలకకొయ్య వీధినీ ఇంటినీ వేరుచేసింది. మూట ఆ రెండింటికీ అవసరమైన శ్రమను ఇంటి వెలుపలికి పంపింది. పట్టుకు దొరికిన మినహాయింపు, శేషవస్త్రానికి దొరికిన గౌరవం, మడేలు చేతి బట్టకు దొరకని మడి కలిపి చూస్తే, శుచి అనేది వస్త్రగుణం కాక సంబంధాల గుణమని తేలుతుంది. మడి గురించిన చర్చ ఇంతవరకు దానిని పాటించిన ఇళ్ళ వైపు నుంచే ఎక్కువగా సాగింది. మాటలో మిగిలిన ఆనవాలు మాత్రం చాకిరేవు వైపు చూపుతున్నది. జీడిగుర్తు వలె అది కూడా ఎన్ని ఉతుకులకూ చెరగలేదు.