ఓడ జాబితాలో ఇంటిపేరు లేదు

మద్రాసు నుంచి వచ్చిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న నేటాల్‌లోని దర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 వరకు అక్కడి చెరకు తోటలకూ ఇతర పనులకూ ఒప్పంద కూలీలుగా వెళ్లిన భారతీయులు 1,52,184 మంది. సుమారు మూడింట రెండు వంతులవారు మద్రాసులో ఓడ ఎక్కినవారే. వీరిలో విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారున్నారు. వారి నాలుగో, అయిదో తరంవారు ఇప్పుడు దక్షిణాఫ్రికా నుంచి పూర్వికుల ఊరు వెతుక్కొంటూ వస్తున్నారు.

వారికి ముఖ్యాధారం ఓడ జాబితా. కూలీ సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, చివరకు ఒంటిమీది మచ్చలు కూడా అందులో ఉంటాయి. (ఇంత వివరం రాసుకొన్నది కూలీ మేలు కోరి కాదు.) ఇంటిపేరుకు మాత్రం గడి లేదు. మన పల్లెలో అప్పలస్వాములు పదిమంది ఉండవచ్చు. ఫలానావారి అప్పలస్వామి అంటేనే మనిషి తెలుస్తాడు. అక్కడ అప్పలస్వామి అన్న పేరే సంతానానికి ఇంటిపేరైంది. ఇక్కడి దాయాదులకు అసలు ఇంటిపేరు తెలుసు, కాని ఓడెక్కినవాడి గురించి కాగితం లేదు.

రోమను లిపిలో త, ట తేడా పోయింది, దీర్ఘాలు పోయాయి. అయినా పేరు కొంత చెబుతుంది. అప్పలస్వామి, పైడయ్య అంటే ముందు ఉత్తరాంధ్ర వైపు చూడాలి. సింహాచలం అప్పన్న, విజయనగరం పైడితల్లి అక్కడి వేల్పులు. మునుస్వామి అయితే ఉత్తర ఆర్కాటు తట్టాలి. ఊరి పేరు 'వలస'తో ముగిస్తే శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతం కావచ్చు.

జిల్లా పేరును నేటి పటంతో చూస్తే దారి తప్పుతాము. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి ఉత్తర ఆర్కాటువే. గంజాం 1936లో రెండుగా చీలి, కొంత ఒరిస్సాకు పోయింది, కొంత విశాఖపట్నంలో కలిసి 1950లో శ్రీకాకుళం జిల్లాలో చేరింది. కాబట్టి దర్బన్ తెలుగువాడి దాయాదులు ఈనాడు బరంపురం దగ్గరో వేలూరు దగ్గరో ఉండవచ్చు. అక్కడి మన విద్యార్థులు చేయగల పని ఇది.

ఊరు దొరికినంత మాత్రాన చుట్టాలు దొరికారనుకోవడం తొందరపాటు. వచ్చినవారికి తెలుగు రాకపోవచ్చు. ఉన్నవారికి పొలంలో వాటా అడుగుతారేమోనని శంక. నా దృష్టిలో జాబితాలోని తండ్రి పేరే గట్టి ఆధారం. తాత పేరు మనుమడికి పెట్టడం మన ఆచారం. ఊళ్లో మిగిలిపోయిన అన్నో తమ్ముడో తన కొడుక్కి ఆ పేరే పెట్టి ఉంటాడు. కాబట్టి ఊరి పెద్దలను ముందుగా అడగవలసినది ఓడెక్కినవాడి పేరు కాదు, ఆ తండ్రి పేరు ఏ ఇంట్లో తరం విడిచి తరం వస్తున్నదని.