నెల్లూరు గుమాస్తాలు - మద్రాసు వెండితెర

ఆచార్య ఆత్రేయ పేరెత్తగానే మన విమర్శకులు రెండు పక్షాలుగా చీలిపోవడం పరిపాటి. ఒక పక్షంవారు ఆయనను 'మనసుకవి' అని పిలిచి, ప్రేమగీతాల పీఠం వేసి, దండ వేసి, అంతటితో ఊరుకుంటారు. రెండో పక్షంవారు - వీరిలో మనవాళ్ళే ఎక్కువ - 'ఎన్.జి.ఓ.' నాటకం రాసిన చెయ్యి సినిమాకు అమ్ముడుపోయిందని నిట్టూరుస్తారు. ఈ రెండు తీర్పుల్లోనూ ఒకే లోపం ఉన్నదని నేననుకుంటాను. రెండూ మనిషినొక్కడినే చూస్తున్నాయి. ఆ మనిషిని తయారుచేసిన ఊరూ, ఉద్యోగమూ, రంగస్థలమూ వాటి కంటికి ఆనడంలేదు. ఒక రచయిత ఎందుకు మారాడని అడగబోయేముందు, అతడు ఏ వర్గంలోనుంచి, ఏ పరిస్థితుల్లోనుంచి వచ్చాడో తేల్చుకోవడం చరిత్ర చదివేవారి మొదటి పని.

మూడు జీవితాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఆత్రేయ, అనగా కిళాంబి వేంకట నరసింహాచార్యులు, 1921లో సూళ్ళూరుపేట దగ్గరి మంగళంపాడులో పుట్టాడు. పులికాట్ సరస్సుకు దాపునున్న ఆ ప్రాంతం అప్పుడు నెల్లూరు జిల్లా. 2022లో జరిగిన జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాలో చేరింది. క్విట్ ఇండియా ఉద్యమంలో దిగి చదువు విడిచాడు. నెల్లూరు మునసబు కోర్టులో నకళ్ళు రాసే గుమాస్తాగా పనిచేశాడు. 'జమీన్ రైతు' పత్రికలో సహాయ సంపాదకుడుగా ఉన్నాడు. అదే 1921లో అదే జిల్లాలో పుట్టిన తిక్కవరపు వెంకటరమణారెడ్డి నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరు. తెలుగుదేశమంతా నవ్వుకున్న రమణారెడ్డి ఆయనే. 1925లో కావలిలో పుట్టిన రాజనాల కాళేశ్వరరావు రెవెన్యూ శాఖలో గుమాస్తా. ముగ్గురివీ చిన్న సర్కారు కొలువులు. ముగ్గురూ నాటకాల పిచ్చివాళ్ళు. 1950కి అటూ ఇటూ కొద్ది సంవత్సరాలలోనే ముగ్గురూ మద్రాసు చేరారు. ఇది కేవలం కాకతాళీయమని నేను నమ్మలేను.

నెల్లూరు సీమలో ఆనాడు భూమి కొద్దిమంది చేతుల్లో ఉండేది. పెన్నానది ఆనకట్టల కింద వరిపొలాలు మోతుబరి రైతులవి. మెట్ట గ్రామాలమీద వెంకటగిరి జమీందారీ పెత్తనం. 'జమీన్ రైతు' పత్రిక పుట్టినదే ఆ జమీందారీ రైతుల పోరాటంలోనుంచి. నెల్లూరు వెంకటరామానాయుడు దానిని నడిపాడు. మరోవంక ఆ వెంకటగిరి రాజావారి పేరుమీదనే పట్టణంలో కళాశాల ఉండేది. భూమిలేని, లేక చాలీచాలని భూమి ఉన్న ఇళ్ళ పిల్లలు నాలుగక్షరాలు నేర్చుకుని కచ్చేరీల్లో, కోర్టుల్లో, మునిసిపాలిటీల్లో కుర్చీలు వెతుక్కున్నారు. 1899లో మద్రాసు - బెజవాడ రైలుదారి పూర్తయినప్పటినుంచీ రాజధాని ఒక రాత్రి ప్రయాణమైపోయింది. అంతకుముందే బకింగ్‌హాం కాలువమీద పడవల్లో ఉప్పూ, సరుగుడు కట్టెలూ మద్రాసుకు పోతూండేవి. సరుకు పోయిన దారినే చదువుకున్నవారి శ్రమ కూడా పోయింది.

రెండో ప్రపంచయుద్ధం ఈ గుమాస్తా నడుము విరగ్గొట్టింది. ధరలు మండిపోయాయి, రేషను వచ్చింది, జీతం మాత్రం ఉన్నచోటనే ఉన్నది. కూలివాడు తన లేమిని వీధిలో చెప్పుకోగలడు. గుమాస్తా ఇస్త్రీ చొక్కా కింద ఆకలిని దాచుకోవాలి. 1946 జులైలో తపాలా ఉద్యోగులు దేశమంతటా సమ్మె చేశారు. కాని కచ్చేరీ గుమాస్తాకు ప్రవర్తనా నియమావళి అడ్డం వచ్చేది. అతడు రాజకీయ సభ ఎక్కరాదు, పత్రికకు రాయరాదు. అతనికి మిగిలిన వేదిక ఒక్కటే, నాటకం. పగలు అధికారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాడే, రాత్రి రంగం ఎక్కితే అధికారిని పేరులేకుండా నిలదీయగలడు. నెల్లూరు రంగస్థలానికి ఆ సంవత్సరాల్లో ఉన్న వేడికి ఇది ఒక ముఖ్యమైన కారణం.

'ఎన్.జి.ఓ.' అన్నమాట వింటే ఈనాటి విద్యార్థికి స్వచ్ఛంద సంస్థ స్ఫురిస్తుంది. ఆనాడది గెజిటులో పేరు ఎక్కని ఉద్యోగి అనే అర్థంలో వాడుకపడ్డ మాట. అంటే అధికారి కానివాడు, అధికారికీ జనానికీ నడుమ నలిగేవాడు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లో ఆత్రేయ అతణ్ణి నాటకానికి నాయకుణ్ణి చేశాడు. అప్పటివరకు మన రంగస్థలాన్ని ఏలినవాళ్ళు హరిశ్చంద్రుడూ, శ్రీకృష్ణుడూ. హార్మోనియం శ్రుతిమీద పద్యం ఎత్తుకుంటే రాగం తెగేదాకా కథ ఆగిపోయేది. ఇక్కడ పద్యం లేదు. అద్దె బాకీ, మందుల ఖర్చు, పెద్దవాళ్ళ దగ్గు, అప్పులవాడి పిలుపు ఇవే రంగంమీదికి వచ్చాయి. మాట చిన్నదైంది. ఇంట్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడారు. ముందువరసలో కూర్చున్నవాడు రంగంమీద తన ఇంటినే చూసుకున్నాడు. గురజాడ 'కన్యాశుల్కం'లో వాడుకమాటకు నాటకంలో సింహాసనం వేశాడు. ఆ మాటను ఆకలిగొన్న మధ్యతరగతి నోట పెట్టడం ఆత్రేయ తరం చేసిన పని.

ఈ నాటకానికి హద్దులు లేవని నేననడంలేదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగింది. ఆ కాలంలోనే ప్రజానాట్యమండలి ఊరూరా తిరిగింది. సుంకర, వాసిరెడ్డి రాసిన 'మాభూమి' తెలంగాణా రైతుల పోరాటాన్ని రంగంమీదికి తెచ్చింది. 'మాభూమి'లో జనం తిరగబడతారు, 'ఎన్.జి.ఓ.'లో మనిషి కుమిలిపోతాడు. ఒకదానిలో దారి కనబడుతుంది, రెండోదానిలో గోడ కనబడుతుంది. అయినా ఒక సంగతి మరువరాదు. 1948 నుంచి కమ్యూనిస్టులమీద నిర్బంధం విరుచుకుపడినప్పుడు, 'మాభూమి' నిషేధానికి గురైనప్పుడు, దళాలు చెదిరిపోయినప్పుడు, సామాజిక సమస్య పరిషత్తు నాటకాల్లోనే ప్రాణం నిలుపుకుంది. గుమాస్తా నాటకం పెద్ద మంటకాకపోవచ్చు. మంట ఆర్పినప్పుడు బూడిదకింద నిప్పును కాచింది.

ఇక మద్రాసు సంగతి. నెల్లూరువారు అక్కడ అప్పటికే పాతుకుని ఉన్నారు. 1911లో నెల్లూరులో పుట్టిన పి. పుల్లయ్య 1935లోనే 'హరిశ్చంద్ర' తీశాడు. నెల్లూరు జిల్లావాడే అయిన ఘంటసాల బలరామయ్య 1944లో 'సీతారామ జననం'లో అక్కినేని నాగేశ్వరరావును నాయకుణ్ణి చేశాడు, 1948లో 'బాలరాజు' తీశాడు. కాని పరిచయాలు తలుపు తెరుస్తాయేగాని, కూర్చోబెట్టవు. సాంఘిక చిత్రాలు పెరుగుతున్నకొద్దీ సినిమాకు పద్యం పాడే గొంతుకన్న మాట్లాడే నోరు అవసరమైంది. మైకు ముందు రంకెలు పనికిరావు. గుమాస్తా రంగస్థలం ఆ నోటిని అప్పటికే సిద్ధం చేసి ఉంచింది. 'మిస్సమ్మ'లో (1955) అప్పు అడ్డంపెట్టుకుని పెళ్ళాడ జూచే డేవిడ్‌గా, 'మాయాబజార్'లో (1957) చినమయగా రమణారెడ్డి విసిరిన విరుపులో నెల్లూరు వీధిమాట వినబడుతుంది. 1953లో 'ప్రతిజ్ఞ'తో వచ్చి ఎందరో దుర్మార్గ ప్రభువుల వేషం కట్టిన రాజనాల, అధికారపు గొంతును కచ్చేరీ బల్ల ఇవతలినుంచి విని నేర్చుకున్నాడేమోనని నాకనిపిస్తుంది.

ఆ 1953లోనే రెండు చిత్రాలు వచ్చాయి. ప్రజానాట్యమండలి నాయకుడు డాక్టరు గరికపాటి రాజారావు, జమునను నాయికగా పరిచయంచేస్తూ 'పుట్టిల్లు' తీసి నష్టపోయాడు. ఆత్రేయ నాటకం 'ఎన్.జి.ఓ.'యే 'గుమాస్తా' పేరుతో తెరకెక్కింది. ఉద్యమకారుడు సొంత పెట్టుబడితో సినిమా తీయడం ఎంత కష్టమో మొదటిది చూపింది. మన కథలు పెట్టుబడికి కూడా పనికివస్తాయని రెండోది చూపింది. ఈ రెండింటి నడుమ ఇరుకైన సందులోనే తర్వాతి ముప్పయి ఏళ్ళ అభ్యుదయ రచయితలు నడిచారు.

ఆ నడకలో మంచి ఘట్టాలున్నాయి. పుల్లయ్య దర్శకత్వంలో ఆత్రేయ మాటలు రాసిన 'అర్ధాంగి' (1955) జమీందారీ ఇంటి కుళ్ళును చూపింది. అదే జంట తీసిన 'జయభేరి' (1959) పండితుడు ఆటకత్తెను పెళ్ళాడి కులంనుంచి వెలిపడటాన్ని కథ చేసుకుంది. 1957లో ఆదుర్తి సుబ్బారావు 'తోడికోడళ్ళు'లో ఘంటసాల పాడిన ఒక పాట ఉంది. కారులో షికారు పోయే సంపన్నురాలిని ఆపి, ఆమె మేడ కట్టినవారినీ, బట్ట నేసినవారినీ తలచుకోమంటుంది ఆ పాట. అది శ్రీశ్రీదేనని ఈనాటికీ చాలామంది పొరబడతారు. రాసినది ఆత్రేయ. జనం చేసిన ఆ పొరపాటుకన్న మంచి విమర్శ ఆత్రేయమీద మరొకటి రాలేదు. ఆయన అమ్ముడుపోయాడనేవారు ఈ పాటకు జవాబు చెప్పాలి.

అయితే తర్వాత జరిగినదేమిటి? 'మూగ మనసులు' (1964) చూడండి. పడవవాడు జమీందారు బిడ్డను ప్రేమిస్తాడు. వారి నడుమ ఉన్నది గోదావరి కాదు, ఆస్తి. ఆ సంగతి ప్రేక్షకుడికి తెలుసు, చిత్రానికీ తెలుసు. కాని చిత్రం ఆ గోడను తాకదు. వారిని చంపి, మరుజన్మలో కలుపుతుంది. వర్గభేదం పునర్జన్మకు వాయిదాపడింది. 'ఎన్.జి.ఓ.'లో అద్దెకూ, జీతానికీ, రోగానికీ పేర్లున్నాయి. ఇక్కడ ఆ పేర్లన్నీ కలిసి 'మనసు' అన్న ఒక్క మాటలో దాక్కున్నాయి. ఆత్రేయను మనసుకవి అని పొగడడమంటే, ఈ దాపరికాన్ని పొగడడమే. కాని దాక్కున్నది చచ్చిపోలేదు. ఆ పాటలు విని కన్నీరు పెట్టినవారు ఏడ్చింది ఒకరి ప్రేమ కోసమే కాదు. తమకు దక్కనివాటన్నిటికోసం కూడా ఏడ్చారు.

వాయిదా వేయించినది రచయిత ఒక్కడేనా? చిత్రానికి డబ్బు ముందుగా పెట్టేవాడు పంపిణీదారు. అతడు కోరేది ఏ ప్రేక్షకుడికీ కోపం రాని కథ. రచయితకు సెట్టుమీద చోటు లేదు, లాభంలో భాగం లేదు. పాటకింత అని కూలి. ఆత్రేయ రాస్తే ప్రేక్షకులనూ, రాయకపోతే నిర్మాతలనూ ఏడిపిస్తాడని ఒక చలోక్తి చిత్రసీమలో పుట్టింది. దానిని ఆయన బద్ధకానికి గుర్తుగా చెప్పుకుని నవ్వుతారు. నాకది మరోలా కనబడుతుంది. ముక్కకూలికి పనిచేసేవాడి చేతిలో ఉన్న ఒకే ఆయుధం ఆలస్యం. 1961లో ఒక్కసారి ఆయన దర్శకుడై 'వాగ్దానం' తీశాడు. అందులో నిజాంను ఎదిరించి జైలుకెళ్ళిన దాశరథికి పాట రాసే అవకాశం ఇచ్చాడు. 'మహాప్రస్థానం' కవి శ్రీశ్రీ చేత సీతాకళ్యాణం హరికథ రాయించాడు. ఆయన దర్శకత్వం వహించిన చిత్రం మళ్ళీ రాలేదు.

పాత ప్రశ్న ఇరవై ఏళ్ళకు తిరిగి వచ్చింది. 1981లో కె. బాలచందర్ తీసిన 'ఆకలిరాజ్యం'లో నిరుద్యోగి యువకులు ఢిల్లీ గదిలో పస్తులుంటారు. శ్రీశ్రీ కవిత్వం వారి నోట పలుకుతుంది. అన్నం లేకపోయినా పాట పాడుకుందామనే వెటకారపు గీతం ఆత్రేయ రాశాడు; నెల్లూరు హరికథకుడు సాంబమూర్తి కుమారుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాడాడు. కోర్టు వరండాలో నకళ్ళు రాసిన గుమాస్తా ఆకలి, కొలువే దొరకని పట్టభద్రుడి ఆకలిగా మారి, లక్షలమందికి చేరింది. మన పత్రికలు ఏనాడూ చేరలేని గ్రామాలకు చేరింది. 1989లో ఆత్రేయ కన్నుమూశాడు, 2020లో బాలసుబ్రహ్మణ్యం. ఆ ప్రశ్నకు మాత్రం జవాబు ఇంకా రాలేదు.

ఇక మనకే తగిలే మాట ఒకటి చెప్పి ముగిస్తాను. ఈ చరిత్రలో మాట్లాడినవారంతా గుమాస్తాలూ, వారి బంధువర్గమూను. ఆ తీరంమీదనే చేపలు పట్టినవారున్నారు, ఉప్పుమళ్ళలో కాళ్ళు పగిలినవారున్నారు. వెన్నెలకంటి రాఘవయ్య జీవితమంతా ఎవరికోసం పనిచేశాడో ఆ యానాదులున్నారు. వారికీ పాటలున్నాయి. బకింగ్‌హాం కాలువ వారి ఉప్పునూ కట్టెలనూ మద్రాసుకు మోసిందేగాని, వారి గొంతును మోయలేదు. మన పరిషత్తులూ మోయలేదు. సినిమా మన రచయితలను ఎత్తుకుపోయిందని ఏడవడం సులభం. ఎత్తుకుపోవడానికి వీలుగా మన రంగస్థలం ఒక్క వర్గం ఇంటి వసారాలోనే ఎందుకు ఆగిపోయిందని అడగడం కష్టం. ఆత్రేయ తన వర్గం మాటను నిజాయితీగా రంగానికెక్కించాడు. తక్కిన వర్గాల మాటను ఎక్కించవలసిన బాధ్యత ఆయన ఒక్కడిది కాదు, ఉద్యమానిది. నెల్లూరు తీరానికి వెళ్ళే విద్యార్థులు సినిమా ప్రముఖుల ఇళ్ళు చూసి తిరిగిరాకుండా, ఆ ఉప్పుమళ్ళ గట్లమీద కూడా కొంతసేపు కూర్చుని వినాలి. అక్కడి పాట రాసుకుని రాగలిగితే, ఈ వ్యాసంలో లేని అధ్యాయం మొదలవుతుంది.