కొండవీటి దుర్గము: రాతి సాక్ష్యము, నోటి సాక్ష్యము

పల్నాడు జిల్లా యెడ్లపాడు మండలమున కొండల శిఖరములను కలుపుచు సాగిన ప్రాకారములు, బురుజులు నేటికిని కానవచ్చును. అదియే కొండవీటి దుర్గము. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రెడ్డిరాజ్యమును స్థాపింపగా, ఆతని కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చెను. 1424 వరకు రెడ్డిరాజు లచ్చటినుండి యేలిరి.

వారిలో పెదకోమటి వేమారెడ్డి (1402–1420) సాహిత్యచింతామణిని రచించిన పండితుడు. శ్రీనాథ మహాకవి ఆయన ఆస్థానమున విద్యాధికారి. రాణి సూరాంబ సంతానసాగరమను చెరువును త్రవ్వించినట్లు 1409 నాటి ఫిరంగిపురము శాసనము తెలుపుచున్నది. ఆమె కుమారుడు రాచవేముడు ఆ చెరువునకు నీరు చేర్చుటకై జగనొబ్బగండ కాలువను త్రవ్వించెను. ఈ సంగతి అమీనాబాదు శాసనమువలన తెలియుచున్నది. తల్లి చెరువు, కొడుకు కాలువ! మెట్టసీమలో ఇంతకంటె పుణ్యకార్య మేమున్నది?

కాని జనులు రాచవేముని తలచుకొనునది కాలువతో గాదు, పన్నుతో. ఆయన ప్రతి కాన్పునకు పురిటిసుంకము విధించెననియు, అది సహింపలేక సవరము ఎల్లయ యనువాడు నగరి ముంగిట ఆయనను పొడిచి చంపెననియు ఆ సీమ గ్రామముల కైఫీయతులు చెప్పును. ఒకే రాజు శాసనమున ధర్మాత్ముడు, జనశ్రుతిలో పీడకుడు! ఇందేది నమ్మవలెను?

శాసనము రాజాశ్రయమున పుట్టినది; అందు రాజు తప్పులకు చోటుండదు. కైఫీయతు తరతరముల నోళ్లలో నలిగిన పిమ్మట కాగితమున కెక్కినది. అందు కోపము పెరిగియుండవచ్చును. గ్రామలెక్కలు వ్రాయువారి కిది క్రొత్త గాదు. వసూలైన సొమ్ము చిట్టాలో నొకరీతిగా నుండును, చెల్లించినవాని మనస్సులో వేరొకరీతిగా నుండును. కాలువ నిజమైనంత మాత్రమున పన్ను అబద్ధము కానక్కరలేదు. కనుక ఒకదానిని చూపి రెండవదానిని కొట్టివేయుట తగదు.

రెండవ గాథ కత్తులబావిది. కొండ దిగువనున్న గోపీనాథస్వామి యాలయమునకు డెబ్బదిరెండుగురు రెడ్డి దొరలను విందుకు పిలిచి, ఒక్కొక్కరినే లోనికి రప్పించి చంపి, బావిలో పడవైచిరని చెప్పుదురు. ఇది కృష్ణదేవరాయల విజయకాలమున జరిగెనని ప్రతీతి. కాని 1515లో రాయలు కొండవీటిని జయించినప్పుడు కోట గజపతుల యధీనమున నుండెను. అచ్చట బందీయైనవాడు ప్రతాపరుద్ర గజపతి కుమారుడు వీరభద్రుడు. రెడ్డిరాజ్య మంతరించి అప్పటికి తొంబది యేండ్లు దాటినది. అయినను ప్రజలు ఆ నేలపై జరిగిన ద్రోహములకెల్ల ఆ బావినే గుర్తుగా నిలుపుకొనిరి.

గజపతుల వెనుక విజయనగరము, దాని వెనుక గోలకొండ, ఆపై ఆంగ్లేయులు! దొరతనములు మారినకొలది దుర్గము పాడువడెను. ఇప్పుడు కొండమీదికి ఘాటురోడ్డు పడినది. వేడుకగా చూచివచ్చువారు పెరిగిరి.

పోయి చూచుట మంచిదే. కాని రాళ్లు తమంతట మాటలాడవు. ఎవరి కాలువయో, ఎవరి సుంకమో చెప్పునవి శాసనములు, కైఫీయతులు. ఆ శాసనములు నకలెత్తబడకున్నను, నాటి కరణములు విన్నదెల్ల వ్రాసి పెట్టకున్నను, మెకంజీ దొర వానిని సేకరింపింపకున్నను ఈ వివాదమే మనకు దక్కెడిది కాదు. మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన యీ సమయమున మన యూరి చెరువు, గుడి, పాతమాన్యముల సంగతులను పెద్దల నడిగి వ్రాయించి, ఒక ప్రతి యిచ్చట నుంచుట మన విధి. అందు పొగడ్తయు నుండవలెను, ఫిర్యాదును నుండవలెను. తీర్పు మన తరువాతివారు చెప్పుకొందురు.