ఆక్టోపస్‌తో కుస్తీ

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, బాతెల్ ఊరి నుంచి ఎడ్మండ్స్ రేవుకు కారులో అరగంట. ఫెర్రీ కోసం కార్లు బారులు తీరిన చోటికి పక్కనే, వీపున సిలిండర్లు కట్టుకున్న డైవర్లు చల్లటి నీళ్లలోకి దిగుతుంటారు. అక్కడ 1935లో ముంచేసిన పాత డ్రై డాక్‌లో చేపలు కాపురం పెట్టాయి. 1970 నుంచి అది నీటి అడుగు పార్కు. అందులో దేన్నీ పట్టకూడదు.

అంతకు ఏడేళ్ల ముందు, ఎడ్మండ్స్ ఒడ్డునున్న ఇదే ప్యూజెట్ సౌండ్ సముద్రపాయలో డైవర్ల సరదా వేరు.

1963 ఏప్రిల్‌లో టకోమా దగ్గర టిట్లో బీచ్‌లో ప్రపంచ ఆక్టోపస్ కుస్తీ పోటీలు జరిగాయి. వెటకారం కాదు, పెట్టిన పేరే అది. 111 మంది డైవర్లు దిగారు. ఒడ్డున వేలమంది జనం, తిరునాళ్లలాగా. రాతి సందుల్లో నక్కిన ఆక్టోపస్‌ను ఊడబెరికి పైకి తేవాలి. తూకాన్ని బట్టి పాయింట్లు. సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి తెచ్చినవాడికి రెట్టింపు. ఆ రోజు 25 దొరికాయి, అన్నిటికన్నా పెద్దది దాదాపు 57 పౌండ్లు. కొన్ని వంటకు పోయాయి, కొన్ని అక్వేరియానికి, కొన్ని తిరిగి నీళ్లలోకి.

కుస్తీ అనడం ఆక్టోపస్‌కు అన్యాయమే. అది సిగ్గరి జీవి; మనిషి అలికిడైతే బొరియలోకి ముడుచుకుంటుంది.

అక్కడ మనిషితో నిజంగా తలపడేది నీరు. టిట్లో బీచ్ ముందున్న టకోమా నారోస్ ఇరుకు జలసంధి. సముద్రపు పోటు అందులోంచి ఏరులా ఉరుకుతుంది. ఆటుకూ పోటుకూ మధ్య నీరు నిలిచే ఆ కాసేపట్లోనే దిగాలి, పైకి రావాలి. వేళ తప్పితే ప్రవాహం ఎక్కడ తేలుస్తుందో చెప్పలేం. 1940 నవంబర్ 7న గాలికి ఊగి ఊగి కూలిన నారోస్ వంతెన శిథిలాలు ఈ జలసంధి అడుగునే ఉన్నాయి. ఇనుపకమ్మీల మధ్య ఆక్టోపస్‌లకు బొరియలు కుదిరాయి.

పోటీలు ఆ దశాబ్దంతోనే మరుగునపడ్డాయి. వేట మాత్రం చట్టబద్ధంగానే సాగింది. 2012లో వెస్ట్ సియాటెల్‌లో, డైవర్లు రోజూ చూసి మురిసే చోట, ఓ కుర్రాడు లైసెన్సుతోనే ఒక ఆక్టోపస్‌ను పట్టి ఒడ్డుకు ఈడ్చుకొచ్చాడు. డైవర్లు భగ్గుమన్నారు. మరుసటి ఏడాది రాష్ట్రం ఏడు చోట్ల ఆక్టోపస్ వేటను నిషేధించింది. వాటిలో ఒకటి టిట్లో పొరుగునే ఉన్న డే ఐలాండ్. మిగతా నీళ్లలో రోజుకొకటి పట్టుకోవచ్చన్న పాత నిబంధనను మాత్రం అలాగే ఉంచారు.